చదవడానికి రాయనివి చదవడం: సాహిత్య కోర్సుల్లో నాటకం, కవిత్వం

క్లుప్తంగా: సాహిత్యం చదివే విద్యార్థులకు నవల కన్నా నాటకం, పద్యం కష్టమనిపించడానికి పాత భాష ఒక్కటే కారణం కాదు. ఈ రెండూ గొంతు కోసం పుట్టిన ప్రక్రియలు. కోర్సు వాటిని అచ్చుపేజీగా చేతికిస్తుంది, పరీక్ష వాటిని సారాంశంగా తిరిగి అడుగుతుంది. ఈ రెండింటి మధ్య ఏం జారిపోతోంది, ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని మార్చే పద్ధతులు ఎంతవరకు పనిచేస్తాయి అన్నది ఈ వ్యాసం విషయం.

డిగ్రీలోనో పీజీలోనో సాహిత్యం తీసుకున్న విద్యార్థి నాలుగు వందల పేజీల నవలను మూడు రోజుల్లో ముగించేస్తాడు. ఎనభై పేజీల నాటకానికి వచ్చేసరికి రెండు వారాలు లాగుతాడు. నాలుగు పాదాల పద్యం ముందు పెడితే నోట్సు వెతుక్కుంటాడు. దీనికి సాధారణంగా వినిపించే సంజాయిషీ, భాష పాతదని. అందులో కొంత నిజముంది గానీ అది సరిపోదు. నిన్నమొన్నటి వాడుకభాషలో రాసిన నాటకం కూడా పేజీ మీద చప్పగానే కనిపిస్తుంది. నిఘంటువు అక్కర్లేని వచన కవిత కూడా ‘ఇంతకీ ఇందులో ఏముంది?’ అనిపిస్తుంది. మాటలన్నీ తెలిసి కూడా అర్థం అందలేదంటే, చిక్కు పదజాలంలో లేదన్నమాట.

‘అన్నాడు’ లేని చోట

నవలలో ఒక పాత్ర నోరు విప్పితే వెనకాలే రచయిత కూడా వస్తాడు. ‘అని విసుక్కున్నాడు’, ‘తల తిప్పుకొని అంది’, ‘లోపల బెదురుగా ఉన్నా పైకి నవ్వాడు’ అంటూ పక్కనే ఉండి చెబుతుంటాడు. పాఠకుడి పని సగం ఈ చిన్న చిన్న క్రియలే చేసిపెడతాయి. నాటకంలో ఆ క్రియలు మాయమవుతాయి. పాత్ర పేరు, దాని పక్కన ఒక మాట. అంతే. ఆ మాట కోపంగా అన్నదో, ఎగతాళిగా అన్నదో, ఎదుటివాడికి వినబడకూడదని గొణిగిందో పేజీ చెప్పదు.

మాటలు మారకుండా స్వరం మార్చి అర్థం మార్చడానికి మన అలంకారశాస్త్రం ఎప్పుడో పేరు పెట్టింది: కాకువు. ‘చాలా బాగుంది’ అన్న మాటను మెచ్చుకోలుగానూ అనవచ్చు, మొహం మీద కొట్టినట్టుగానూ అనవచ్చు. రాసి చూపిస్తే రెండూ ఒక్కటే. నాటకం మొత్తం ఇలాంటి మాటలతోనే కట్టి ఉంటుంది కాబట్టి, మౌనంగా చదివే పాఠకుడు ప్రతి వాక్యానికీ కాకువును తానే సమకూర్చుకోవాలి. అలవాటు లేనివాడు ఆ పని చేయడు. అన్ని మాటలనూ ఒకే సమగొంతుతో, వార్తలు చదివినట్టు చదువుకుంటూ పోతాడు. పేలవంగా ఉన్నది నాటకం కాదు, ఆ సమగొంతు.

సామ్యూల్ బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ దీనికి గట్టి ఉదాహరణ. 1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన ఈ నాటకంలో మొదటి అంకం చివర ఒకడు వెళ్దామా అంటాడు, రెండోవాడు వెళ్దాం పద అంటాడు. ఆ తర్వాత రంగసూచన: వాళ్లు కదలరు. రెండో అంకం కూడా ఇలాగే ముగుస్తుంది. అడిగేవాడు, జవాబిచ్చేవాడు మాత్రం తారుమారవుతారు. సంభాషణ ఒకటి చెబుతుంటే శరీరాలు ఇంకొకటి చేస్తున్నాయి. నాటకమంతా ఆ రెండింటి మధ్య ఉంది. ఏటవాలు అక్షరాల్లో ఉన్న రంగసూచనలను దాటేసుకుంటూ సంభాషణలు మాత్రమే చదివే విద్యార్థికి అక్కడ ఇద్దరు మనుషులు వెళ్లిపోయినట్టే లెక్క.

కాకువు విషయంలో తికమక పడేది విద్యార్థులే అనుకోనక్కర్లేదు. రష్యన్ నాటకకర్త చెహోవ్ తన ‘చెర్రీ ఆర్చర్డ్’ను హాస్యనాటకం అన్నాడు. 1904లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో దాన్ని ఆడించిన స్టానిస్లావ్‌స్కీకి అది కన్నీళ్లు పెట్టించే విషాదంగా కనిపించింది, అలాగే ఆడించాడు. రాసినవాడూ ఆడించినవాడూ సమకాలికులు, ఒకే భాషవాళ్లు, ఒకే ప్రతి చేతిలో ఉన్నవాళ్లు. అయినా గొంతు దగ్గర ఏకాభిప్రాయం కుదరలేదు.

షేక్‌స్పియర్ కాలపు నటులకైతే నాటకం మొత్తం ప్రతి చేతికొచ్చేది కాదు. ఎవరి పాత్ర మాటలు వాళ్లకే రాసిచ్చేవారు. ప్రతి మాటకు ముందు అవతలివాడి చివరి రెండు మూడు పదాలు మాత్రం ఉండేవి, అందుకోవడానికి గుర్తుగా. అంటే నటుడు వినడం మీద ఆధారపడి బతకాలి. ఎదుటివాడు ఏమంటాడో ముందుగా తెలియదు కాబట్టి చెవులు రిక్కించుకొని ఉండాలి. ఇవాళ తరగతి గదిలో అదే నాటకం ఫుట్‌నోట్లతో, పీఠికతో, ముందే తెలిసిపోయిన ముగింపుతో చేతికొస్తుంది. రెండు అనుభవాలకూ పోలిక లేదు.

అడ్డం తిరిగిన కథ

దగ్గరి ఉదాహరణ ఒకటి చూడవచ్చు. గురజాడ ‘కన్యాశుల్కం’ చదవనివాళ్లకు కూడా ‘డామిట్! కథ అడ్డం తిరిగింది’ అన్న మాట తెలుసు. సౌజన్యారావు పంతులు ఎదుట తన బండారం బయటపడ్డాక గిరీశం అనే మాట అది. ఇప్పుడది సామెత అయిపోయింది కాబట్టి చదవగానే నవ్వొస్తుంది. నాటకంలో దాని పని ఏమిటన్న ప్రశ్నకు మాత్రం నవ్వు జవాబు కాదు.

నటుడు దాన్ని ప్రేక్షకుల వైపు తిరిగి, కన్నుగీటుతున్నట్టు అంటే, గిరీశం ఈ దెబ్బను దులిపేసుకొని రేపు ఇంకో ఊళ్లో ఇంకో వేషం కడతాడని తెలుస్తుంది. నేల చూపులు చూస్తూ, కొంచెం ఆగి అంటే, మొదటిసారిగా ఆ మనిషికి మాటల గారడీ అక్కరకు రాలేదని తెలుస్తుంది. నిలువెత్తు చిరాకుతో అరిస్తే అది మూడో గిరీశం. గిరీశం వట్టి మోసగాడా, మోసపూరితమైన సమాజానికి తగ్గ తెలివిగలవాడా అన్న చర్చ ఇవాళ్టిది కాదు. ఆ చర్చలో వ్యాసాలు రాసే విద్యార్థి ఈ ఒక్క మాటను ఏ గొంతుతో విన్నాడో దాన్ని బట్టే చాలావరకు ఏదో ఒక పక్షాన నిలబడతాడు. తాను ఒక గొంతును ఎంచుకున్నానన్న సంగతి మాత్రం అతనికి తెలియదు. ఎంచుకున్నది తెలియకపోతే సమర్థించుకోవడమూ రాదు. అందుకే ఇలాంటి వ్యాసాల్లో ‘గిరీశం పాత్ర అద్భుతం’ అన్న వాక్యం దగ్గరే వాదన ఆగిపోతుంది.

ఇదే నాటకం ఇంకో చిక్కును కూడా బయటపెడుతుంది. ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి మళ్లీ అచ్చు వేశాడు. ఈ రెండూ వేరువేరు నాటకాలా అనిపించేంత తేడా ఉంది. ‘హామ్లెట్’కు 1603, 1604, 1623 నాటి మూడు పాఠాలున్నాయి, మొదటిది మిగతావాటికన్నా బాగా చిన్నది. ఆడేకొద్దీ మారే ప్రక్రియ కాబట్టి నాటకానికి ‘అసలు పాఠం’ అనే మాట నవలకు అమరినంత సులువుగా అమరదు. పాఠ్యపుస్తకం మాత్రం ఒక పాఠాన్నే ఇస్తుంది, అదే శాశ్వతమన్నట్టు.

పద్యం దగ్గర జారిపోయేది

పద్యానికి వచ్చేసరికి మెకానిజం మారుతుంది. అక్కడ చెప్పేవాడి గొంతు ఉంది. ఇబ్బంది పెట్టేది తాత్పర్యం అనే అలవాటు. పద్యాన్ని విరిచి, అన్వయించి, ప్రతిపదార్థం రాసి, చివర తాత్పర్యం రాయడం పాత భాషను దాటడానికి తప్పనిసరి మెట్టు. చిక్కేమిటంటే, మెట్టు ఎక్కినవాడు మళ్లీ పద్యంలోకి దిగడు. తాత్పర్యం దొరికింది కాబట్టి పద్యం పని అయిపోయిందనుకుంటాడు.

పోతన భాగవతంలో వామనుడు త్రివిక్రముడై పెరిగే పద్యాన్ని తీసుకుందాం.

ఇంతింతై, వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీధిపై
నంతై, తోయదమండలాగ్రమున కల్లంతై, ప్రభారాశిపై
నంతై, చంద్రుని కంతయై, ధ్రువునిపై నంతై, మహర్వాటిపై
నంతై, సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

తాత్పర్యం ఒక్క వాక్యంలో అయిపోతుంది: పొట్టివాడు ఆకాశాన్నీ, మేఘాలనూ, వెలుగులనూ, చంద్రుణ్నీ, ధ్రువుణ్నీ, మహర్లోకాన్నీ, సత్యలోకాన్నీ దాటి బ్రహ్మాండం అంచుదాకా పెరిగాడు. పరీక్షలో దీనికి మార్కులు పడతాయి. పద్యం మాత్రం ఈ వాక్యంలో లేదు.

మొదటి పాదంలో ఉన్నవన్నీ ‘ఇంత’లు. చూసేవాడి కళ్ల ముందు, చేతికి అందేంత దూరంలో ఉన్నదాన్నే తెలుగువాళ్లు ‘ఇంత’ అంటారు. రెండో పాదం మొదలవుతూనే ‘అంత’ వచ్చింది. ఆ తర్వాత పద్యం పూర్తయ్యేదాకా ‘ఇంత’ అన్న మాటే లేదు. మధ్యలో ‘అల్లంత’ కూడా ఉంది, చెయ్యి ఎత్తి చూపించినట్టు. చూసేవాడు నేల మీదే నిలబడి ఉన్నాడు. వటువు పైకి పోతున్నాడు. ఒక అచ్చు మారి ఆ దూరాన్ని కొలిచింది.

ఇక పాదాల చివరలు. శార్దూలవిక్రీడితంలో పాదానికి 19 అక్షరాలు. ‘నభోవీధిపై’ అన్న చోట 19 అక్షరాలూ నిండాయి, పాదం అయిపోయింది, కానీ మాట పూర్తి కాలేదు. ‘నంతై’ అని కింది పాదంలోకి ఒలికింది. రెండో పాదం చివరా అంతే, మూడో పాదం చివరా అంతే. పెరుగుతున్నవాడు పద్యం గీసిన హద్దును కూడా మూడుసార్లు దాటాడు. నాలుగో పాదంలో బ్రహ్మాండం అంచు వచ్చాకే మాటా పాదమూ కలిసి ఆగుతాయి. ప్రాస నియమం కొద్దీ ప్రతి పాదంలో రెండో అక్షరం ‘త’ కావాలి; ఆ బరువు కూడా ‘ఇంత’, ‘అంత’ల మీదే పడింది. అంటే ఛందస్సు ఇక్కడ అలంకారంగా పైన పూసింది కాదు, పెరగడం అనే క్రియను నడిపిస్తున్నది అదే.

ఈ సంగతులేవీ మౌనంగా కళ్లతో చూస్తే తట్టవు. బయటికి చదివితే రెండోసారికే నాలుకకు తెలుస్తాయి. ఛందస్సు పాఠం వేరు పేపరుగా, పద్యం వేరు పేపరుగా నడిచే చోట విద్యార్థి ‘మసజసతతగ’ అని గణాలు గుర్తుపెట్టుకుంటాడు, ఆ గణాలు ఈ పద్యంలో ఏం పని చేస్తున్నాయో అడగడు. గణవిభజన చేతనైన ప్రతివాడికీ పద్యం చదవడం వచ్చినట్టు కాదు. తాళం వేయడం వచ్చినవాడికల్లా పాట వచ్చినట్టు కానట్టే.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది

నాటకాన్ని పేజీగా చదవవచ్చన్న ఆలోచనకు మూలాలు చాలా పాతవి. అరిస్టాటిల్ విషాద నాటకానికి ఆరు అంగాలు చెప్పి, కంటికి కనిపించే దృశ్యాన్ని కవికళకు అన్నిటికన్నా దూరమైనదిగా లెక్కగట్టాడు. ప్రదర్శన లేకుండా, నటులు లేకుండా కూడా దాని శక్తి తెలుస్తుందన్నాడు. భరతుడి దారి వేరు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అభినయాలూ కలిస్తేనే నాట్యం. రస సిద్ధాంతం పుట్టింది రంగస్థలం మీద. తర్వాతి ఆలంకారికులు దాన్ని శ్రవ్యకావ్యానికి, అంటే ఆడకుండా వినే కావ్యానికి కూడా అన్వయించారు. విచిత్రమేమిటంటే, భరతుడి వారసత్వం గురించి చెప్పే తరగతులు కూడా ఆచరణలో అరిస్టాటిల్ దారినే నడుస్తున్నాయి. ‘కావ్యేషు నాటకం రమ్యం’ అని వ్యాసం మొదలుపెట్టి, ఆ రమ్యత ఎక్కడుందో చూపకుండానే ముగించే జవాబు పత్రాలు అందుకు సాక్ష్యం.

ఆధునిక విశ్వవిద్యాలయం దీనికి ఇంకో పొర చేర్చింది. 1811లో ఇంగ్లిష్ వ్యాసకర్త చార్లెస్ లాంబ్ షేక్‌స్పియర్ విషాద నాటకాలు ఆడటం కన్నా చదవడానికే తగినవని వాదించాడు. 1904లో విమర్శకుడు ఎ.సి. బ్రాడ్లీ ఉపన్యాసాలు ఆ పాత్రలను నిజమైన మనుషుల్లా విశ్లేషించాయి. నవలా పాత్రల మీద రాసే వ్యాసానికీ నాటక పాత్రల మీద రాసే వ్యాసానికీ తేడా చెరిగింది. ‘ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించండి’ అన్న ప్రశ్న అన్ని భాషల సాహిత్య కోర్సుల్లోనూ స్థిరపడిపోవడానికి ఈ ధోరణి బాగా తోడ్పడింది.

కవిత్వం వైపు మలుపు కేంబ్రిడ్జ్‌లో వచ్చింది. 1920లలో అక్కడ పాఠాలు చెప్పే విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసిన కవితలను విద్యార్థులకిచ్చి అభిప్రాయాలు రాయమన్నాడు. అలాంటి 13 కవితల మీద వచ్చిన స్పందనలను 1929లో పుస్తకంగా వేశాడు. మంచి చదువు చదివిన కుర్రాళ్లు కూడా గొప్ప కవితలను తీసిపారేశారు, నాసిరకం వాటిని మెచ్చుకున్నారు. చదివేవాళ్లకు వచ్చే ఇబ్బందులను ఆయన పది రకాలుగా వర్గీకరించాడు. మొదటిది కవిత మామూలు అర్థమే తెలియకపోవడం. రెండోది మనసు చెవికి మాటల నడక వినబడకపోవడం. ఆ తర్వాత జరిగిన కథ ఆసక్తికరం. రిచర్డ్స్ ప్రేరణతో అమెరికాలో నవ్య విమర్శ బలపడింది, 1938లో వచ్చిన బ్రూక్స్, వారెన్‌ల పాఠ్యపుస్తకం దాన్ని తరగతి గదుల్లోకి తెచ్చింది, కవిత మాటలనే నిశితంగా చదవడం పద్ధతైంది. ఆ నిశిత పఠనం ప్రధానంగా కంటితో చేసేది: వ్యంగ్యం, వైరుధ్యం, ప్రతీక. రెండో ఇబ్బంది వెనక వరుసలోకి పోయింది.

1945లో ఇదే పద్ధతిని నాటకానికీ వర్తింపజేసే పాఠ్యపుస్తకం వచ్చింది. అప్పటికే రంగస్థలం వేరు ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలో కార్నెగీ సంస్థ 1914లోనే నాటకానికి డిగ్రీ పెట్టింది. బ్రిటన్‌లో తొలి నాటక శాఖ 1947లో బ్రిస్టల్‌లో వచ్చింది. దీంతో పని పంపకం జరిగిపోయింది. సాహిత్య శాఖకు పుస్తకం, రంగస్థల శాఖకు వేదిక. ఒక శాఖలో నాటకాన్ని ఆడకుండా చదువుతారు. రెండో శాఖలో సాహిత్య చరిత్ర అరకొరగా తెలుసుకొని ఆడతారు.

పరీక్ష అడిగేదే చదువు

పద్ధతులు ఎన్ని మారినా విద్యార్థి చదువును నడిపేది ప్రశ్నపత్రం. రాతపరీక్ష మూడు గంటల్లో, కాగితం మీద, అందరికీ ఒకే కొలబద్దతో జరగాలి. ఆ కొలబద్దకు ఇమిడేవి కథాసంగ్రహం, పాత్ర చిత్రణ, సందర్భం చెప్పి వ్యాఖ్య రాయడం, అలంకారం పేరు, కవి కాలం. పాదం ఎందుకు అక్కడ విరిగింది, ఈ మాట తర్వాత మౌనం ఎంతసేపు అన్నవి ఇమడవు. ఇమడనివి సిలబస్‌లో ఉన్నా బోధనలో ఉండవు. బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలైతే దీన్ని ఇంకా బిగిస్తాయి. నాటకం పేరు, నాటకకర్త పేరు, సంవత్సరం జతచేయడం దాకా వెళ్లి ఆగుతాయి.

ఇందులో ఉపాధ్యాయుల తప్పును ఎంచడం తేలిక, కానీ అన్యాయం. వందమంది కూర్చున్న గదిలో ఒక్కొక్కరితో పద్యం చదివించడానికి గంట చాలదు. స్వరానికి మార్కులేస్తే గొంతు బాగున్నవాడికి లాభం, నత్తి ఉన్నవాడికి నష్టం. కాగితం నిశ్శబ్దమైనదే గానీ కొంత సమానత్వం దానిదే.

ఆడించేస్తే సరిపోతుందా

నాటకం వీడియో చూపిస్తే సరిపోతుందన్నది ఇప్పుడు ఎక్కువగా కనిపించే పరిష్కారం. దానికీ ఒక ధర ఉంది. ప్రదర్శన అన్ని గొంతుల్లోంచి ఒకదాన్ని ఎంచి మిగతావాటిని మూసేస్తుంది. ఒక సినిమాలో హామ్లెట్‌ను చూసినవాడికి ఆ నటుడి మొహమే హామ్లెట్. సమగొంతుతో చదివినవాడికి ఒక్క అర్థమూ రాకపోతే, ఒక్క వీడియో చూసినవాడికి ఒక్క అర్థమే వస్తుంది. రెండు ప్రదర్శనల్లో ఒకే సన్నివేశాన్ని పక్కపక్కన పెట్టి చూపినప్పుడే వీడియో పాఠంగా పనికొస్తుంది; తేడా కనబడ్డ చోట ‘ఎందుకు?’ అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

అన్నీ గొంతు కోసమే రాసినవనీ అనలేం. మిల్టన్ 1671లో అచ్చువేసిన ‘శామ్సన్ అగోనిస్టీస్’ రంగస్థలానికి ఉద్దేశించింది కాదని తానే చెప్పుకున్నాడు. 1633లో అచ్చయిన జార్జ్ హెర్బర్ట్ కవిత ఒకటి పేజీ మీద రెక్కల ఆకారంలో ఉంటుంది. అక్షరాలను తామరపువ్వుగానో చక్రంగానో అమర్చే మన చిత్రకవిత్వంలోని పద్మబంధం, చక్రబంధం చూస్తే తప్ప విప్పుకోవు. వచన కవితలో పాదం విరుపు చాలావరకు అచ్చు తెచ్చిన సౌకర్యమే. వీటికి చెవి సూత్రాన్ని గుడ్డిగా తగిలిస్తే తప్పుదారి పడతాం. ఇక పద్యనాటకం రెండు లోకాలకూ చెందినది. రాగయుక్తంగా పాడిన రాయబారం పద్యాలు అక్షరం రానివాళ్లకు కూడా కంఠతా వచ్చేవి. ‘వన్స్ మోర్’ అని అరిచి మళ్లీ పాడించుకున్న జనానికి ప్రతిపదార్థం ఎవరూ చెప్పలేదు. అలాగని వాళ్లందరికీ ప్రతి సమాసమూ తెలిసిందనీ కాదు. రాగాలాపనలో పద్యం కొట్టుకుపోయిందన్న విమర్శ పద్యనాటకం మీద ఉండనే ఉంది. గొంతు అర్థాన్ని తెరవగలదు, కప్పేయనూ గలదు.

మారుతున్న లెక్క

సారాంశం ఇప్పుడు చవక. కథాసంగ్రహం, పాత్ర చిత్రణ, తాత్పర్యం ఫోన్లో అడిగితే క్షణాల్లో వస్తున్నాయి. ఇంతకాలం పరీక్ష కొలిచింది వీటినే కాబట్టి, ఇంటి దగ్గర రాసుకొచ్చే అసైన్‌మెంట్ల విలువ ముందుగా పడిపోతుంది. దీనికి కోర్సులు రెండు విధాలుగా స్పందించే అవకాశం ఉంది. ఒకటి, అందరినీ మళ్లీ మూడు గంటల రాతపరీక్ష గదిలోకి తోయడం. అప్పుడు బట్టీకి పాత గౌరవం తిరిగొస్తుంది. రెండోది, సారాంశం ఇవ్వలేని దాన్ని అడగడం: ఈ నాలుగు పంక్తులను రెండు విధాలుగా చదివి వినిపించు, ఏ మాట దగ్గర తేడా వచ్చిందో చెప్పు.

రెండో దారిలో ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. రంగస్థలం పక్కనుంచి నటులకు మాటలందించే ప్రాంప్టర్ దగ్గర ఉండే ప్రతిని నమూనాగా తీసుకుంటే చాలు. ఒక పక్క నాటకం పేజీ, ఎదురుగా ఖాళీ పేజీ. ఎవరు ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఏ వస్తువు చేతిలో ఉండాలి అన్నవన్నీ ఆ ఖాళీ పేజీలో రాసుకుంటారు. దీన్నే అసైన్‌మెంట్‌గా ఇస్తే నటించడం రానివాడూ, నలుగురిలో నోరు విప్పనివాడూ చేయగలుగుతాడు. గొంతుకు మార్కులేసే చిక్కూ ఉండదు. పద్యానికైతే అదే ఖాళీ పేజీలో ఊపిరి తీసుకునే చోట్లు, సాగదీసే అక్షరాలు, ఆగకుండా కింది పాదంలోకి దూకాల్సిన చోట్లు గుర్తుపెట్టమనవచ్చు. దిద్దేవాళ్లకు పని పెరుగుతుంది. సరైన జవాబు ఒకటే ఉండదు కాబట్టి మార్కుల మీద ఫిర్యాదులూ పెరుగుతాయి.

అయితే ఈ లెక్కలో ‘డామిట్’కు ఎదురుగా ఉన్న ఖాళీ పేజీలో ‘అద్భుతమైన పాత్ర’ అని రాస్తే చెల్లదు. గిరీశం ఆ మాట అంటున్నప్పుడు సౌజన్యారావు ఇంకా అక్కడే ఉన్నాడా లేడా, గిరీశం అడుగు తలుపు వైపు పడిందా ప్రేక్షకుల వైపు పడిందా అన్నది రాయాలి.